వంతెన దగ్గరి అరుపు

మూడు వారాలు మేడం. నేను అర్జీ రాసి ఇవాళ్టికి సరిగ్గా మూడు వారాలు. పర్లేదు, వచ్చారు, అదే సంతోషం. మా ఇస్త్రీపెట్టె వేడెక్కడానికే కాస్త టైం పడుతుంది, లేబర్ ఆఫీసు వేడెక్కడానికి ఆ మాత్రం పట్టదూ?

కూర్చోండి అనలేను, ఏమీ అనుకోకండి. ఈ గదిలో కూర్చోవడానికి ఏమీ ఉండదు. గొడవంతా దాని గురించే. ఆ గోడకి ఆనుకోండి. అటు కాదు, అటు ఆవిరి గొట్టం ఉంది, వీపు కాలుతుంది. ఇటు.

రెండు ముక్కల్లో చెప్పేస్తాను. టీ బెల్లు కొట్టేలోపు అయిపోతుంది. మా వదిన పని పోవడానికి కారణం ఒక కారు. అంతే, అయిపోయింది.

కారేమిటంటారా? అదే చెబుతున్నాను. మీరు పెన్ను మూత తీసి ఉంచుకోండి, కానీ అన్నీ రాయకండి. నేను మాట్లాడితే పక్కదార్లు పడతానని మా అన్నయ్య అంటాడు. ఆయన ఏ దారీ పట్టడు కాబట్టి ఆయనకి అలాగే ఉంటుంది.

ఇది చొక్కాల ఫ్యాక్టరీ, చూస్తూనే ఉన్నారు. కింద కుడతారు. కుట్టిన చొక్కా మెట్లెక్కి మా దగ్గరికొస్తుంది. ఎనిమిది మంది దాన్ని తిరగేసి చూస్తారు, కుట్టు తప్పిందా, గుండీ వదులైందా, కాలరు వంకరపోయిందా అని. నలుగురం ఇస్త్రీ చేస్తాం. వెరసి పన్నెండు మందిమి, అందరం నిలబడే. ఆ బోర్డు చదవండి. ‘నిలబడ్డ కంటికే తప్పు కనబడుతుంది.’ మా యజమాని రాయించాడు, అందరం పెద్దాయన అంటాం. కూర్చుని రాయించాడనుకుంటాను.

మా వదినని ఇక్కడ అందరూ వదిన అనే పిలుస్తారు. గుండీల వదిన. నాకు మాత్రం నిజం వదిన, మా అన్నయ్య భార్య. మిగతావాళ్లు గుండీని వేలితో లాగి చూస్తారు. ఆమె చొక్కాని ఒక్కసారి దులుపుతుంది. ఆ చప్పుడు విని, మూడోది వదులు అంటుంది. మూడోదే అవుతుంది. అలాంటి మనిషికి ఎడమ మోకాలు అరిగిపోయింది. మడిస్తే పాత తలుపు తీసినట్టు చప్పుడు. మా అన్నయ్యా? ఉన్నాడు. ఉండటమే ఆయన పని. ఆ ఇల్లు మొత్తం ఆమె మోకాలి మీద నడుస్తోంది మేడం, అది రాసుకోండి.

అందుకని మేమొక ఏర్పాటు చేసుకున్నాం. ఎవరికీ హాని లేని ఏర్పాటు. దారం రీళ్లు వచ్చే చెక్క పెట్టెలుంటాయి. బోర్లిస్తే పీట. తిరగేసి నాలుగు రీళ్లు పడేస్తే మళ్లీ దారం పెట్టె. పన్నెండు మందికి పన్నెండు. కూర్చున్నంత మాత్రాన ఒక్క చొక్కా తగ్గలేదు. తగ్గితే నన్నడగండి.

మరి మేనేజరుకి దొరకలేదా అంటారు. అక్కడికే వస్తున్నాను. మేనేజరంటే అల్లుడుగారు. పెద్దాయన కూతుర్ని చేసుకున్నాడు, ఫ్యాక్టరీ కూడా వెంట వచ్చింది, వద్దంటే బాగుండదని ఊరుకున్నాడు. ఇల్లు మామగారిది, కుర్చీ మామగారిది. కారు ఒక్కటే ఆయన సొంతం, పెళ్లికి ముందే కొనుక్కున్నాడు. ఎర్ర రంగు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. అందులోంచి దిగడమంటే ముందు ఒక కాలు వచ్చేది, తర్వాత ఒక చెయ్యి, తర్వాత ఒక మూలుగు, ఆ తర్వాత మనిషి.

ఆ కారు రోజూ వంతెన దిగగానే అరిచేది. అరుపంటే మామూలు అరుపు కాదు, ఇక్కడ ఆవిరి గొట్టాలు కూడా వణికేవి. అక్కడ రోడ్డు మీద పురుగు కూడా ఉండదు మరి, ఎవరికి చూపించుకుంటున్నాడా అని మేం నవ్వుకునేవాళ్లం. ముప్పై దాటి చాలా ఏళ్లయింది, కుర్రతనం ఇంకా దిగలేదు అనేదాన్ని నేను. అందరికంటే ఎక్కువ నేనే అనేదాన్ని, దాచడమెందుకు.

వంతెన నుంచి మా మెట్ల దాకా రెండు కాలర్లు ఇస్త్రీ చేసేంత సేపు. చాలు. పన్నెండు మందిమి లేవడం, పెట్టెలు తిరగెయ్యడం, రీళ్లు పడెయ్యడం, వదిన మోకాలు సాగదీసుకోవడం. ఆయన తలుపు తీసేసరికి మిలిటరీ వాళ్లలా నిలబడి ఉండేవాళ్లం. అంతా బావుందా అనేవాడు. బావుందండీ అనేవాళ్లం. వెళ్లిపోయేవాడు. ఆరేళ్లు మేడం. ఆరేళ్లలో ఒక్కరోజు కూడా, దారం పెట్టెలో నల్ల రీలూ తెల్ల రీలూ కలిసి ఎందుకున్నాయని అడగలేదు. ఇంత అమాయకుడికి ఫ్యాక్టరీ ఎలా ఇచ్చారా అనుకునేదాన్ని.

తర్వాత ఎర్ర కారు అమ్మేశాడు. పెట్రోలు ఆదా అట. హైబ్రిడ్ కొన్నాడు, బూడిద రంగుది. కాసేపు బ్యాటరీ మీద నడుస్తుంది, కాసేపు పెట్రోలు మీద. ఎప్పుడు దేని మీద నడుస్తోందో బయటివాళ్లకి తెలియదు. ఇల్లరికం అల్లుడికి తగిన బండేలే అన్నాను. కింద కుట్టేవాళ్లు కూడా నవ్వారు.

దానికో తెర ఉంటుంది. నెమ్మదిగా, బుద్ధిగా తోలితే ఆ తెర మీద ఆకులు మొలుస్తాయట. నిజం మేడం, పచ్చటి ఆకులు. ఎక్కువ ఆకులుంటే తక్కువ పెట్రోలు తాగినట్టు లెక్క. మొదటి వారం వచ్చినవాడికల్లా చూపించాడు, ఇవాళ అయిదు ఆకులు, ఇవాళ ఆరు అని. గేటు దగ్గర వాచ్‌మన్‌కి రోజూ చూపించాడు. వాచ్‌మన్ ఇంట్లో మేక ఉంది, దానికి చూపించినా బాగుండేది.

ఇందులో కోపం దేనికంటారా? చెబుతున్నాను. ఆ కారు చప్పుడు చెయ్యదు. వంతెన దిగినా తెలియదు, గేట్లోకొచ్చినా తెలియదు. మెత్తగా వచ్చి మెత్తగా ఆగుతుంది, పిల్లి నయం. కిటికీ దగ్గర ఒకరిని కాపలా పెడదామంటే ఆమె చొక్కాలు ఎవరు చూస్తారు? కూర్చోవడం తగ్గించేశాం. అయినా దొరకలేదు. ఎందుకంటే ఆయనకి అప్పుడే జలుబు చేసింది. రోజూ మెట్ల మీద దగ్గుకుంటూ వచ్చేవాడు. ఖళ్ళు ఖళ్ళుమని, కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా. ఏసీ తగ్గించుకోండి బాబూ, కొత్త కారు ఏసీ పడినట్టు లేదు అని నేను సలహా కూడా ఇచ్చాను. అలాగేనమ్మా అన్నాడు పాపం.

ఆ కారుకి ఇంకో గుణముంది. సీటు ఎత్తుగా ఉంటుంది. తలుపు తీస్తే ముసలివాళ్లు కూడా సోఫాలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. పెద్దాయనకి తుంటి పాడై ఆరేళ్లయింది. ఎర్ర కారులో ఆయన ఎక్కింది ఒక్కసారే. దింపడానికి వాచ్‌మనూ వంటమనిషీ కావలసి వచ్చింది, మళ్లీ ఎక్కలేదు. టాక్సీ అంటే దండగంటాడు. కాబట్టి ఆరేళ్లుగా ఇంట్లోనే కూర్చుని, మేం నిలబడ్డామనుకుని సంతోషంగా ఉన్నాడు. హైబ్రిడ్ వచ్చాక ఒక గురువారం, పద, ఫ్యాక్టరీ చూసొద్దాం అన్నాడట.

ఆ రోజు మెట్ల మీద దగ్గు వినబడలేదు. వినబడిందేమో, నేను ఆవిరి వదిలాను, ఆ బుస్సులో కలిసిపోయింది. అందరికీ కాస్త ఆలస్యంగా తెలిసింది, ఎలాగో లేచాం. వదిన మాత్రం వీపు అటు పెట్టి కూర్చుంది. ఒళ్లో చొక్కా ఉంది. మణికట్టు దగ్గర గుండీ కన్నంలో ఏదో తేడా కనిపెట్టింది, ఇంక ఆమెకి లోకం ఉండదు. పెద్దాయన కర్ర పట్టుకుని వెళ్లి ఆమె వెనకే నిలబడ్డాడు. ఆమె నేననుకుంది. తల తిప్పకుండా, “వచ్చావా, ఇది కాస్త పట్టుకో, గట్టిగా పట్టుకో” అని చొక్కా చెయ్యి ఆయన చేతికిచ్చింది.

పట్టుకున్నాడు మేడం. యజమాని. కర్ర చంకలో పెట్టుకుని, రెండు చేతులతో చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. ఆమె తీరిగ్గా దారం కత్తిరించి, “ముసలాయన రాయించిన బోర్డు చదువుకుంటూ నిలబడ్డవాళ్లకి ఈ తప్పు కనబడుతుందా చెప్పు” అంది. పదకొండు మందిమి చూస్తున్నాం. నోరు పెగిలితే ఒట్టు. నాది కూడా, అది రికార్డు.

అప్పుడు తల తిప్పింది.

ఆయన ఆ చొక్కా మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి కాగితం వచ్చింది. రేపటి నుంచి రానక్కర్లేదని. కింద అల్లుడుగారి సంతకం.

మద్దతుగా నిలబడండర్రా అన్నాను మిగతావాళ్లతో. నిలబడ్డారు, ఎవరి బల్ల దగ్గర వాళ్లు. అందరికీ ఇళ్లున్నాయి, నేను తప్పు పట్టను. పడుతున్నానేమో, కానీ పట్టను. అర్జీ నేనొక్కదాన్నే రాశాను.

వదిన ఇంట్లో కూర్చుంది. కూర్చోవడం కోసం పని పోగొట్టుకున్న మనిషి కూర్చోలేకపోయింది. ఇంట్లో చొక్కాలన్నిటికీ గుండీలు ఊడదీసి మళ్లీ కుట్టింది. అవయ్యాక పక్కింటివాళ్లవి అడిగి తెచ్చుకుంది. మా అన్నయ్య ఒకరోజు బనీనుతో నా దగ్గరికొచ్చి, నాకు వేసుకోవడానికి ఏమీ మిగల్లేదే అన్నాడు. ఆయన ఆ మాత్రం ఫిర్యాదు చేసి కూడా చాలా ఏళ్లయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే కారు షెడ్డులోకి వెళ్లాను. అల్లుడుగారు మెత్తటి గుడ్డతో ఆ తెర తుడుచుకుంటున్నాడు. అడగాల్సినవన్నీ అడిగాను. అవి మీ కాగితం మీద రాయదగ్గవి కావు. ఆరేళ్లు కూతలు కూస్తూ ఊరేగినవాడివి, ముసలాయన్ని తెచ్చిన రోజే పిల్లిలా రావాలా అన్నాను. ఆకులు లెక్కపెట్టుకునేవాడికి మనిషి మోకాలు కనబడుతుందా అన్నాను. అండీ లేదు, గిండీ లేదు, నువ్వు అనే అన్నాను.

ఆయన గుడ్డ మడతపెట్టాడు. కోప్పడతాడనుకున్నా. కోప్పడలేదు.

“వంతెన దగ్గర రోజూ ఎందుకు అరిపించేవాణ్ణి అనుకుంటున్నావమ్మా?” అన్నాడు.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“మొదటి వారమే చూశాను, మీరు పెట్టెలు తిరగెయ్యడం. మామగారికి చెబితే మిమ్మల్ని పంపించేస్తారు, చెప్పకపోతే నాకు తెలిసినట్టు మీకు తెలుస్తుంది. అందుకని ముందుగా అరిపించి, మీరు సర్దుకున్నాక పైకొచ్చేవాణ్ణి. ఈ బండికి గొంతు లేదు. అందుకే దగ్గేవాణ్ణి.”

మరి ఆ గురువారం సంగతేమిటన్నాను.

“వంతెన దగ్గర హారన్ కొట్టాను. ఖాళీ రోడ్డు మీద హారనెందుకు, చూడు ఒక ఆకు రాలిపోయింది అన్నారు మామగారు. మెట్ల మీద దగ్గాను. నోటికి రుమాలు అడ్డం పెట్టుకో అన్నారు. ఇంకేం చెయ్యమంటావు?”

సంతకం పెట్టకుండా ఉండాల్సింది అన్నాను.

“నేను కూడా ఆ ఇంట్లో నిలబడే ఉన్నానమ్మా” అన్నాడు. గుడ్డ విప్పి మళ్లీ తెర తుడుచుకున్నాడు, అప్పటికే అద్దంలా ఉంది.

ఆ మాటకి నా కోపం తగ్గిందనుకోకండి. తగ్గలేదు. పిరికివాడు పిరికివాడే, దగ్గినా పిరికివాడే. కానీ కోపానికి దారి మారిపోయింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా అప్పట్నుంచీ మోస్తున్నాను.

ఇప్పుడు చెప్పేది రాయకండి. పెన్ను కింద పెట్టండి మేడం. కింద పెట్టండి అన్నాను.

ఎర్ర కారు ఆయనంతట ఆయన అమ్మలేదు. పెద్దాయన చొక్కాలు వారం వారం నేనే ఇస్త్రీ చేసి ఇంటికి తీసుకెళ్లి ఇస్తాను. వరండాలో కూర్చుని, అల్లుడు ఎలా చేస్తున్నాడు పని అని అడుగుతూ ఉంటాడు. ఊరికే అడుగుతాడు. నేనూ ఊరికే చెబుతాను. ఒకరోజు చెప్పడానికి ఏమీ లేక, బాగా చేస్తున్నారండీ, కాకపోతే రోజూ వంతెన దగ్గర కారుని ఊరికే అరిపిస్తారు, ఆ ఒక్క అరుపుకి పోయే పెట్రోలుతో మన జనరేటరు ఒక పూట నడుస్తుంది అన్నాను. నవ్వుతాడనుకున్నాను. అందరూ నవ్వుతారు కదా నా మాటలకి. ఆయన నవ్వలేదు. చొక్కా మడతలు చూస్తూ, రోజూనా అన్నాడు.

రోజూనండీ అన్నాను.

నెల తిరక్కుండా హైబ్రిడ్ వచ్చింది. దాన్ని చూసి ముందు నవ్వింది నేనే.

వదినకి తెలియదు. చెబుదామని రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ దారం ఎక్కించి ఇమ్మని సూది చేతికిచ్చింది. ఎక్కించి వచ్చేశాను. ఇంట్లో ఆమె నా మొహం చూస్తే చాలు, మూడో గుండీ వదులు అన్నట్టు చూస్తుంది. కనిపెట్టిందేమో. కనిపెడితే ఊరుకునే రకం కాదు, కాబట్టి కనిపెట్టలేదు అనుకుంటున్నాను.

ఏమిటి మేడం? ఆమెని పిలవమంటారా, వాంగ్మూలం కావాలా? పిలుస్తాను, ఉండండి. పిలవాల్సిన పని కూడా లేదు, పక్క గదిలోనే ఉంది. ఈ మాట ముందే చెప్పాల్సింది. పక్కదార్లు పడతానని ముందే అన్నాను కదా.

పోయిన శనివారం బూడిద రంగు కారు వదిన వాళ్ల వీధిలోకొచ్చింది. ఎవరికీ వినబడలేదు, తలుపు తట్టేదాకా. పెద్దాయన. చేతిలో ఆ రోజు చొక్కా. దాన్ని రెండు వారాలు ఇంట్లో పెట్టుకుని, అద్దం పెట్టి చూశాడట. ఆ గుండీ కన్నం మిగతావాటికంటే నూలుపోగంత పక్కకి ఉంది. అదే రోజు ఆ ఆర్డరులో మిగతా ఏడుగురూ నిలబడి చూసి పంపిన చొక్కాల్లో నలభైకి అదే తప్పు.

“ఇది కూర్చునే పట్టావా?” అన్నాడట.

“నిలబడితే నాకు మోకాలు కనబడుతుందండీ, చొక్కా కనబడదు” అందట మా వదిన.

మా అన్నయ్య బనీనుతో మంచినీళ్లు తెచ్చిచ్చాడు. పెద్దాయన తాగి, ఈమె చెప్పింది నిజమే అన్నాడట. అది వినగానే నేను ఎగిరి గంతేశాను. పన్నెండు మందికీ పీటలు వస్తాయి, ఆ బోర్డు తీసేస్తారు, మీ ఆఫీసుతో పని లేకుండానే అయిపోయింది అని కింద కుట్టేవాళ్లందరికీ చెప్పేశాను. చెప్పడంలో నాకు ఆలస్యం ఉండదు.

బోర్డు తీయలేదు, చూశారుగా.

సోమవారం ఆ పక్క గదిలోకి ఒక కుర్చీ వచ్చింది. ఒక్కటే. చేతులున్న కుర్చీ, కింద మెత్త. అది కొత్త సూపర్‌వైజరుకి, అంటే మా వదినకి. కూర్చుని తప్పులు పట్టడం వదిన పని. నిలబడి చూడటం మిగతా పదకొండు మంది పని. కూర్చుంటే తప్పు బాగా కనబడుతుందని పెద్దాయన ఒప్పుకున్నాడు కదా, అందుకని కనబడాల్సిన మనిషిని కూర్చోబెట్టాడు. వదిన పనిలోకి రాగానే, దారం పెట్టెలు లెక్క చూసి స్టోరుకి పంపమని ఆమెకి కాగితం వచ్చింది. పంపించింది. పన్నెండూ పంపించింది, తనదీ కలిపి.

నేను అడిగాను మేడం. అడక్కుండా ఉంటానా? ఏం వదినా, పదకొండు మంది మోకాళ్లు మోకాళ్లు కావా అన్నాను. ఆమె చొక్కా దులిపి చప్పుడు విని, పక్కన పెట్టి, “ఏమమ్మా ఆడపడుచూ, నా కాగితం వచ్చిన రోజు ఆ పదకొండు మందీ ఎక్కడ నిలబడ్డారో నాకు తెలియదా? రెండు వారాలు గుండీలు కుట్టుకుంటూ ఒకటే ఆలోచించాను, నాకున్నది ఒక్క మోకాలు, దాని సంగతి నేనే చూసుకోవాలి” అంది.

మరి నేను అర్జీ రాశాను కదా అన్నాను. రాశావు, మంచిదే అంది. మళ్లీ ఇంకో చొక్కా తీసుకుంది.

ఈ వారం మూడు మెమోలు రాసింది, బల్లకి ఆనుకున్నందుకు. మూడూ నావే. తన కేసు వెనక్కి తీసుకుంటున్నట్టు తన సంతకంతో ఉత్తరం కూడా రాసి పెట్టింది, మీరు వస్తే ఇవ్వమంది. ఇదుగోండి.